బండికో డబ్బా, పెద్దామెకో డబ్బా

మా బావ పోయాడు. కల్లంలో ఎండబోసిన మిరపకాయలు తిరగేస్తుంటే కబురొచ్చింది. పొద్దున్నే కాఫీ అడిగాడట. మా అక్క తెచ్చేలోగా వెళ్ళిపోయాడట. ఆ కాయల పక్కనే కూర్చుండిపోయాను. ఈ వయసులో ఇలాంటి కబుర్లకి కూర్చోవడం తేలికే, లేవడమే కష్టం.

మీలో చాలామందికి ఆయన తెలియకపోవచ్చు. ఆయన కారు తెలిసుండొచ్చు. చిలకలూరిపేట దారిలో ఎక్కడో ఒకచోట బానెట్ తెరిచి ఆగి ఉండే పాత తెల్లకారు. పక్కన లుంగీ ఎగగట్టి, గోనెపట్టా భుజాన వేసుకుని, బీడీ కాలుస్తూ నిలబడ్డ మనిషి మా బావ.

మిరపకి మంచి రేటొచ్చిన ఏడు సెకండ్ హ్యాండులో కొన్నాడు. కొన్నప్పటి నుంచీ వాటర్ పంపు కారేది. దానికితోడు బేరింగు అరిగి కిర్రుమని ఒకటే కూత. బండి కనపడకముందే వినపడేది.

"హారను దండగ బావా, పీకి అమ్మెయ్" అనేవాణ్ణి.

"నువ్వెక్కితే ఆ కూత కూడా వినపడదులేరా. నీ నోరుందిగా" అనేవాడు.

పంపు మార్చకపోలేదు. మార్చాడు. ఏడాది తిరక్కుండా కొత్తదీ అదే రాగం ఎత్తుకుంది. మళ్ళీ మార్చాడు, మళ్ళీ అంతే. చివరికి విసుగు కూడా విసిగిపోయి, రేడియేటర్లో పోయడానికి డిక్కీలో నీళ్ళ డబ్బా వేసుకుని తిరగడం మొదలెట్టాడు. బండి కాగితే నీడ చూసి ఆపి, చల్లారేదాకా కూర్చునేవాడు. నేను తొందరపెడితే, "బండి కాగినప్పుడూ మీ అక్క కోపంగా ఉన్నప్పుడూ మూత జోలికి పోకూడదురా" అనేవాడు.

ఇంకో పట్టింపు ఉండేది. దారిలో ఎవరి గుమ్మంలోనూ బండికి నీళ్ళడిగేవాడు కాదు. డబ్బా ఖాళీ అయితే ఎండలో నడిచివెళ్ళి కాలవలోనో కుంటలోనో ముంచుకొచ్చేవాడు. "ఆడాళ్ళు నడుములు పడేట్టు మోసుకొచ్చిన నీళ్ళురా అయ్యి. బండి తాగటానికా?" అనేవాడు.

ఆ పట్టింపు ఒక్కసారే తప్పాడు. అది నా కోసం.

వానలు మొహం చాటేసిన ఏడది. పత్తికి మందు కొడుతూ చేలోనే పడిపోయాను. ఆ మందు పురుగుకి పనిచెయ్యలేదు గానీ నాకు బాగానే పనిచేసింది. ఊళ్ళో ఉన్నది ఆ ఒక్క కారే. వెనక సీట్లో మా అక్క ఒళ్ళో తలపెట్టి పడుకోబెట్టారు. నోట్లో నురగ, కళ్ళు మసక. పంపు కూత ఒక్కటే తెలుస్తోంది. అది ఆగితే నేనూ ఆగిపోతాననిపించింది. పేట ఇంకా రానేలేదు, గుంటూరు ఆస్పత్రి ఎక్కడో ఉంది, డబ్బా ఖాళీ అయింది. బండి పొగలు కక్కి ఆగింది.

కాలవా లేదు, కుంటా లేదు. రోడ్డు పక్కన ఒక రేకుల ఇల్లు, గుమ్మంలో ఒంటరిగా ఒక పెద్దామె, ఆమె పక్కన నిండు బిందె.

"అమ్మా, నీళ్ళు కావాలి" అన్నాడు బావ.

"మనిషికా, బండికా?"

"బండికేనమ్మా. బండిలో మనిషున్నాడు."

ఆమె వచ్చి కిటికీలోంచి నా మొహం చూసింది. "ట్యాంకరు ఎల్లుండి గానీ రాదు నాయనా" అంది. అంటూనే వెళ్ళి బిందె ఎత్తింది.

"ఆగవయ్యా, చల్లారనీ" అని మా అక్క అరుస్తూనే ఉంది. బావ ఆగలేదు. గోనెపట్టా కప్పి మూత తిప్పాడు. ఆవిరి ఎగదన్ని మోచేతిదాకా కాలింది. ఆ చేత్తోనే బిందె వంచి, కొద్దికొద్దిగా పోసి, బండి తీశాడు.

నేను బతికాను. ఆస్పత్రిలో నన్ను చూడ్డానికొచ్చిన డాక్టరు ఆయన చెయ్యి చూసి ఇదేంటన్నాడు.

"మా బామ్మర్ది మీద ప్రేమండి. కాస్త ఎక్కువ కాగింది" అన్నాడు బావ.

అప్పట్నుంచి డిక్కీలో రెండు డబ్బాలుండేవి. ఒకటి బండిది, ఒకటి పెద్దామెది. ఆ దారిన ఎప్పుడు వెళ్ళినా దిగి, ఆమె బిందె నింపి, కాసేపు కూర్చుని వచ్చేవాడు. తర్వాత ఆ ఊరికి కుళాయి వచ్చిందని చెప్పినా మానలేదు. "కుళాయి రోజూ వస్తుందా ఏంటి?" అనేవాడు. ఆయన మాత్రం రోజూ వెళ్ళినట్టు.

కర్మకి సామాన్లు తేవాలని మొన్న ఆ కారేసుకుని నేనే పేట బయల్దేరాను. దారిలో ఆగాలనుకోలేదు. ఆగితే పెద్దామెకి చెప్పాలి కదా. కానీ పంపు కూత నాకంటే ముందే వెళ్ళిపోయింది. నేను మలుపు తిరిగేసరికి ఆమె ఖాళీ బిందెతో రోడ్డు పక్కన నిలబడి ఉంది.

డిక్కీ తెరిచాను. రెండు డబ్బాలూ నిండుగా ఉన్నాయి. బావ పట్టి పెట్టిన నీళ్ళే.

"పెద్దాయన రాలేదేం నాయనా?"

ముందు బిందె నింపాను. తర్వాత చెప్పాను.

ఆమె బిందె ఎత్తుకోలేదు. బండి కింద పంపు చుక్క చుక్కగా కారుతూనే ఉంది. దుమ్ములో ఆ తడి మెల్లగా పెద్దదవుతుంటే, ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం.