బూడిదరంగు తెర

ఆ ఉద్యోగానికి వచ్చిన నాలుగో మనిషి నా ఫోన్ మీద నీళ్ళు చల్లాడు.

అప్పటికి ముగ్గురిని చూశాను. ముగ్గురూ పాతికేళ్ళ లోపు వాళ్ళే, ముగ్గురూ అందమైన తెరలు చూపించారు. బెంజ్ సర్కిల్ దగ్గర ఓ సందులో, మూడో అంతస్తులో ఆరుగురితో నడిచే మా ఆఫీసుకి అప్పుడే పెద్ద పని వచ్చింది. బుడమేరు వాగు పక్క కాలనీలకి ఒక యాప్. వంతెనల కింద నీటి మట్టం కొలిచే సెన్సర్లు పెడతారు, నీరు పెరిగితే జనం ఫోన్లకి హెచ్చరిక పోవాలి. పని ఇచ్చింది హైదరాబాద్ కంపెనీ. ప్రోగ్రాం రాసేవాళ్ళు మాకున్నారు. అది మనిషి కంటికీ వేలికీ ఎలా అందాలో చూసే డిజైనర్ లేడు.

ఆ నాలుగో మనిషి ఎలీషాకి నలభై ఆరేళ్ళు. ఊరు గుణదలే. పదిహేనో ఏటి నుంచీ షాపుల బోర్డులు రాసిన మనిషి. ఫ్లెక్సీలొచ్చి కుంచె పని పోతే, ఓ ఫ్లెక్సీ షాపులోనే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అక్కణ్ణుంచి మెల్లగా యాప్‌ల డిజైన్ నేర్చుకున్నాడు.

మా నమూనా ఉన్న ఫోన్ చేతికిచ్చి, "ఇందులో ఏం మారుస్తారు?" అన్నాను. అతను టేబుల్ మీది గ్లాసులో వేళ్ళు ముంచి తెర మీద చిలకరించాడు. "ఇప్పుడు 'చూశాను' అన్నది నొక్కండి మేడమ్" అన్నాడు. నొక్కాను. కదల్లేదు. మళ్ళీ నొక్కితే ఇంకేదో తెరుచుకుంది.

"దీన్ని ఏసీలో కూర్చుని ఎవరూ చూడరండి. వానలో, తడి చేత్తో, కళ్ళజోడు ఎక్కడ పెట్టారో తెలీకుండా చూస్తారు."

ఉద్యోగం అప్పుడే ఇచ్చేశాను. అతను వెళ్ళాక, ఆ కళ్ళజోడు వెతుక్కునే మనిషెవరో నా ముందు నిలబడ్డట్టే అనిపించింది. ఫోన్ తుడిచి లోపల పెట్టేశాను.

ఎలీషా ఆఫీసులో కన్నా కాలనీలోనే ఎక్కువ ఉండేవాడు. ఓసారి నన్నూ తీసుకెళ్ళాడు. ఓ రెండంతస్తుల ఇంటి కింది వాటాలో పద్మావతమ్మ గారని డెబ్బై రెండేళ్ళావిడ ఒక్కతే ఉండేది. ఎదురింట్లో ఆమోసు, భార్య శాలిని. ఆమోసు ఆటో నడిపేవాడు. ఎలీషా వాళ్ళ చేతుల్లో ఫోన్ పెట్టి, నోరెత్తకుండా చూస్తూ కూర్చునేవాడు.

"ఈ గీతలేంటయ్యా? చెప్పేదేదో నోటితో చెప్పొచ్చుగా" అంది పద్మావతమ్మ గారు, నీటి మట్టం చూపే గ్రాఫు మీద వేలు పెట్టి.

గీతలు పోయాయి. తెరంతా ఒకే రంగు, ఒకే మాట వచ్చాయి. పచ్చగా ఉంటే క్షేమం. ఎర్రగా మారితే 'మేడెక్కండి' అని కేక. తడి చేతికి తెర లొంగదని, ఫోన్ పక్కనుండే బటన్ నొక్కితే చాలనేట్టు మార్చాడు.

గొడవ వచ్చింది మూడో రంగు దగ్గర. సెన్సర్ నుంచి కబురు ఆగిపోతే తెర బూడిదరంగులోకి మారాలన్నాడు ఎలీషా. 'నీటి సంగతి తెలియడం లేదు, మీరే బయటికి చూసుకోండి' అని ఉండాలన్నాడు. కంపెనీ తరఫున ఈ పని చూసే లక్ష్మీకాంత్ గారు వీడియో కాల్‌లో తల అడ్డంగా ఊపారు.

"వద్దండీ. ప్రారంభం రోజున మంత్రుల చేతుల్లో అది కనబడితే యాప్ చచ్చిందనుకుంటారు. చివర వచ్చిన లెక్కే ఉంచేయండి."

"చివర వచ్చింది పచ్చ అయితేనండీ?"

"పచ్చే ఉంటుంది. అరగంటలో సెన్సర్ మళ్ళీ పనిచేస్తుందిగా."

"తెలీనిదాన్ని క్షేమం అని చెప్పడమండి అది."

లక్ష్మీకాంత్ గారు అతన్ని వదిలేసి నా వైపు తిరిగారు. "సుస్మిత గారూ, మీ డిజైనర్ గారికి మీరే చెప్పుకోండి."

ఈ పని పోతే ఆఫీసు ఉండదు. "వాళ్ళడిగినట్టే చేసేయండి ఎలీషా గారూ" అన్నాను.

"మెయిల్ పెట్టండి మేడమ్, చేస్తాను" అన్నాడు. గొంతులో కోపం లేదు. రెండు లైన్ల మెయిల్ పెట్టాను. సాయంత్రానికల్లా మార్చేశాడు. పచ్చ రంగు అడుగున, కబురు ఎప్పుడు వచ్చిందో చిన్న అక్షరాల్లో సమయం మాత్రం ఉంచాడు. కంపెనీ దాన్నీ తీయించింది.

ఆ ఆదివారం అతను పాత కుంచెలు పట్టుకుని కాలనీకి వెళ్ళాడని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఆ సందులో ఇంటింటి గోడకీ గడప ఎత్తున ఎర్ర గీత గీసి, 'నీళ్ళు ఈ గీత తాకితే ఫోన్ చూడొద్దు, మేడెక్కండి' అని రాశాడట. "ఫోన్లో వస్తుందన్నావుగా, మళ్ళీ గోడ మీదెందుకు నాయనా?" అని పద్మావతమ్మ గారు అడిగితే, "రెండూ ఉంటే మంచిది మామ్మగారూ" అన్నాడట.

యాప్ జనం ఫోన్లలోకి చేరాక వచ్చిన ఆగస్టు ఆఖరి ఆదివారం. రెండు రోజులుగా వాన తెరిపివ్వలేదు. పొద్దున్న ఏడింటికి యాప్ తెరిచాను. పచ్చగా ఉంది. మా ఆఫీసు వాళ్ళకి మాత్రమే కనబడే పేజీలో నీటి మట్టం ఒకటీ పాయింటు రెండు మీటర్లు. ఎనిమిదింటికి చూస్తే అదే అంకె. తొమ్మిదింటికీ అదే. అంత వానకి నీరు వేలెడు కూడా పెరగలేదు.

మా ప్రోగ్రామర్ సిద్ధార్థకి ఫోన్ చేశాను. "మేడమ్, ఐదూ నలభై నుంచి ఒక్క సెన్సర్ నుంచీ ఏమీ రాలేదు" అన్నాడు. చేత్తో హెచ్చరిక పంపించమన్నాను. అప్పటికే అటువైపు టవర్లు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. ఎందరికి చేరిందో ఇప్పటికీ తెలియదు.

ఎలీషా ఫోన్ మోగలేదు. వాళ్ళావిడ తెరేసమ్మకి చేశాను.

"ఆరింటికే బండేసుకుని పోయాడమ్మా."

"ఎందుకు?"

"యాప్ పచ్చగా ఉందని భయమేసిందంట."

మూడు రోజులు అతని కబురు లేదు. నాలుగో రోజు పడవలో బయటికొచ్చి, ఇంటికి వెళ్ళి స్నానం చేసి, తిన్నగా ఆఫీసుకొచ్చాడు. మోచేతుల దాకా చర్మం నాని తెల్లగా పాలిపోయింది. నేను అడక్కముందే చెప్పాడు.

అతను వెళ్ళేసరికి నీళ్ళు గీతకి చేరువగా ఉన్నాయి. పద్మావతమ్మ గారు అప్పటికే మెట్ల మీద ఉంది. అతనూ ఆమోసూ కలిసి సందులోని ముసలివాళ్ళని మేడ మీదికి చేర్చారు. మొత్తం పదకొండుమంది.

"అంతా అయ్యాక ఆమోసు జేబులోంచి ఫోన్ తీశాడండి. 'ఇంకా పచ్చగానే ఉందన్నా, ఇక పెరగదు, ఆటో గట్టెక్కించి వస్తా' అన్నాడు. అది అబద్ధమని అరిచాను. 'నువ్వు చేసిందేగా అన్నా' అని నవ్వుతూ దిగాడు."

ఆమోసు శవం ఆరో రోజున దొరికింది.

ఆ నాలుగో రోజునే, అంత చెప్పి ఎలీషా లేచాడు. తన కంప్యూటర్ ముందు కూర్చుని బూడిదరంగు తెర మళ్ళీ పెట్టాడు, అడుగున సమయంతో సహా. నేను ఎవరినీ అడగలేదు. ఆ సాయంత్రమే విడుదల చేయించాను. కంపెనీ వద్దనలేదు. ప్రకృతి వైపరీత్యం అని నివేదిక రాసుకుని ఊరుకుంది. నా రెండు లైన్ల మెయిల్‌ని విచారణకొచ్చిన అధికారికి ఇచ్చాను. ఆయన చదివి ఫైల్లో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఎవరూ నన్ను పిలవలేదు. పిలుస్తారని రోజూ ఎదురుచూశాను.

యాప్ మారినా, అప్‌డేట్ చేసుకోని జనం ఫోన్లలో పాతది అలాగే ఉండిపోయింది. ఎలీషా ఆదివారం చర్చి నుంచి నేరుగా కాలనీకి వెళ్ళి, ఇంటింటికీ తిరిగి తన చేత్తో మార్చడం మొదలుపెట్టాడు. నేనూ వెంట వెళ్ళాను. శాలిని ఇంటి ముందు అతని కాళ్ళు ఆగిపోయాయి. నేనే తలుపు కొట్టాను.

ఆమె ఫోన్‌లోనూ పాతదే ఉంది, పచ్చగా. ఎలీషా చేతికిచ్చి, మార్చేదాకా నిలబడింది.

"దీన్నట్టా పెట్టమన్నది ఎవరన్నా?" అంది అతనితో.

"నేనేనమ్మా" అన్నాను.

ఆమె తిట్టలేదు. తిడుతుందనే వెళ్ళాను నేను. ఫోన్ వెనక్కి తీసుకుని బూడిదరంగు తెర చూసింది.

"ఇప్పుడు ఏమీ తెలవదని చెప్తోందా?"

"అవునమ్మా. కొట్టుకుపోయిన సెన్సర్లు ఇంకా మళ్ళీ పెట్టలేదు."

"మరి ఎప్పుడు పెడతారు?"

ఆమె తలుపు దగ్గరికి వేసుకుంది.

ఏడాది కావస్తోంది. కొత్త సెన్సర్లు రాలేదు. ఎలీషా మా దగ్గరే ఉన్నాడు, ఆదివారాలు మాత్రం నాకు దొరకడు. ఈ పొద్దున్న లెక్క తీయించాను. పాత యాప్ ఇంకా రెండు వేల ఫోన్లలో ఉంది. అవి ఎవరివో, ఏ సందుల్లో ఉన్నాయో మాకు తెలియదు. నిన్నటి నుంచి ముసురు పట్టింది. ఆ రెండు వేల తెరలూ ఈ క్షణాన పచ్చగానే ఉంటాయి.