ముద్ద కలిపే చెయ్యి

మా మనవరాలిని ఎల్లారెడ్డిలో బడికి పంపిన మొదటి వారం, సాయంత్రం సంచిలో కంచం పొడిగా వచ్చేది. కడిగిన కంచంలో ఎంతో కొంత తడి ఉంటుంది. పొడిగా ఉందంటే పిల్ల మధ్యాహ్నం అన్నం ముట్టలేదన్నమాట.

"ఎందుకు తింటలేవే?"

"కడుపునొస్తున్నది అవ్వా."

ఇంటికి రాగానే మాత్రం నేను కలిపి పెట్టిన ముద్దలు ఆవురావురుమని మింగేది. దాని తల్లి, నా కూతురు, కామారెడ్డిలో బట్టల దుకాణంలో పని చేస్తుంది. పొద్దున బస్సెక్కితే చీకటి పడ్డాకే రాక. పిల్ల తిండి నా చేతి మీదే. బడి వంట బాగుండదని నాకు నేనే తేల్చుకుని, బీడీలు చుట్టే తంబాకు చాట పక్కన పెట్టి, వంటామెతో కొట్లాడదామని మధ్యాహ్నం బయలుదేరాను.

వరండాలో పిల్లలు వరుసగా కూర్చున్నారు. ఆ రోజు వంటామె బలవంతాన వడ్డించినట్టుంది, మా పిల్ల ముందు అన్నం, పప్పు. చేతులు మాత్రం ఒడిలో. నేను గోడ చాటున ఆగాను. వంటామె గరిటె పక్కన పెట్టి దాని ముందు చతికిలబడింది.

"కలుపుకో బిడ్డా."

"నాకు రాదు. కింద పడ్తది."

"పడితే పడనీ."

"అవ్వ కొడ్తది."

"ఇక్కడ ఎవ్వలు కొట్టరు. పడ్డది కోడి తింటది. దానికి గూడ ఆకలైతది గదా!"

పిల్ల నవ్వింది. పప్పులో చెయ్యి పెట్టింది. సగం నోట్లోకి, సగం నేల మీదికి. మళ్ళీ నవ్వింది. నా దగ్గర తినేటప్పుడు అది ఎన్నడూ నవ్వలేదు.

మెతుకు కింద పడితే నేను ఊరుకోను. అందుకే ఆరేళ్ళు వచ్చినా దాన్ని కంచంలో చెయ్యి పెట్టనివ్వలేదు. తప్పు నాదేనని గోడ చాటునే తెలిసింది. అయినా నా కడుపు మండింది. వచ్చిన దారినే ఇంటికి వచ్చేశాను.

ఆ రోజు నుంచి కంచం తడిగా వచ్చేది. నేను మాత్రం రోజూ తవ్వి తవ్వి అడిగేదాన్ని.

"పప్పు నీళ్ళ లెక్కున్నదా?"

"మంచిగున్నది."

"అన్నం మెత్తగైందా?"

"మంచిగున్నది అవ్వా. పెద్దమ్మ చేతికి తంబాకు వాసన గూడ రాదు."

పెద్దమ్మట! వారంలోనే వరస కూడా కలిసింది. నిమ్మతొక్కతో చేతులు రుద్దుకున్నాను. నా కూతురు చూసి నవ్వింది. "పిల్ల తింటున్నదని సంబురపడక మొకం మాడ్సుకుంటవేందమ్మా? వంటామె నీకు సవతా?"

ఆదివారం బడి లేదు. ఆ పూటైనా పిల్ల నాదే అనుకుని పప్పన్నం కలిపి ముద్ద చాచాను. అది మూతి బిగించింది.

"నేనే కలుపుకుంట."

లేచి పాత చీర తెచ్చి, పడ్డ మెతుకులు మట్టి కాకుండా కంచం కింద పరిచాను. అది కలపడం మొదలుపెట్టింది. చీర మీద మెతుకులు రాలుతుంటే ఓరకంట నన్ను చూసింది.

"కొడ్తవా అవ్వా?"

"తిను."

దాని కోసం కలిపిన ముద్ద ఇంకా నా చేతిలోనే ఉంది. పారేసే చెయ్యి కాదు నాది. నేనే తిన్నాను. తంబాకు వాసన నాకూ తెలిసింది.