చీమంత డయోడ్ కోసం కూర్మన్నపాలెం నుంచి జాలరిపేటకు

జాలరిపేట ఎర్రయ్య రేడియో మూగబోయిందని పొద్దున్నే కబురొచ్చింది. మర్నాడు తెల్లారకముందే ఆయన పడవ వేటకు వెళ్ళాలి. రేడియో లేకపోతే తుఫాను కబురు తెలియదు. అది నేను కట్టిన రేడియో. స్టేషను మార్చే గ్యాంగు కండెన్సరు రేకులు ఉప్పుగాలికి తుప్పుపడతాయని, దాని బదులు ట్యూనింగ్ డయోడ్ వేశాను. వోల్టేజీని బట్టి దాని కెపాసిటీ మారుతుంది. అదే పోయింది. మీడియం వేవుకి సరిపడే అంత ఎక్కువ కెపాసిటీది ఇప్పుడు తయారు కావడం లేదు. ఇలాంటి వెతుకులాటకు బయలుదేరేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

ఆ ఉదయమే ఎనిమిదింటికి కూర్మన్నపాలెంలో బస్సెక్కాను. కాంప్లెక్సు బస్టాండుకు గంట పైనే పడుతుంది, టికెట్టు పది రూపాయలు. గాజువాక దగ్గర బస్సు ఎంతకీ కదలదు. సీటున్నా కూర్చోబుద్ధి కాలేదు.

డాబాగార్డెన్స్‌లో ఒక మేడమీద షాపులో పాత డయోడ్ బల్లమీద పెట్టాను. షాపాయనది గోదావరి వైపు.

"ఆయ్, ఇదెప్పుడో ఆగిపోయిందండీ. ఇప్పుడన్నీ చీమలేనండి. ఇదిగో, ఇదీ ట్యూనింగ్ డయోడే."

బోర్డుమీద నేరుగా అంటించే చిన్న సర్ఫేస్ మౌంట్ భాగాలను మెకానిక్కులు చీమలంటారు. దాని కెపాసిటీ ఎన్ని పికోఫారడ్లని అడగాలి. వెనక నలుగురు నిలబడ్డారు. అడగలేదు. కొనుక్కుని కిందికొచ్చి, దానితో ఇచ్చిన కాగితం చదివితే ముప్ఫై. అది ఎఫ్ఎం రేడియోది. నాకు కావలసింది ఐదువందలు. మళ్ళీ మెట్లెక్కడానికి పది నిమిషాలు కాలాడలేదు.

"ముందే చెప్పొద్దాండీ!" అని ఆయన నవ్వాడు. "మీడియం వేవుకైతే పాత కారు స్టీరియోల్లో ఉంటదండి. వెనక సందులో చూడండి."

జనం క్యాసెట్ స్టీరియోలు పీకించి సీడీవి పెట్టించుకుంటున్న రోజులు. సందులో గుట్టగా పడున్నాయి. స్టేషను అంకెల్లో చూపించేదే ఏరాను, అలాంటివాటిలోనే ఈ డయోడ్ ఉంటుంది. పాతసామాన్ల అతను నలభై రూపాయలకు బోర్డు ఇచ్చాడు. తిండి మాట మరిచి ఆటో ఎక్కాను. రెండింటికి జాలరిపేట.

ఎర్రయ్య ఇంట్లో బోర్డు వేడిచేసి చీమను ఊడదీశాను. పట్టకారుతో నొక్కగానే చటుక్కున ఎగిరిపోయింది. ఉన్నది అదొక్కటే.

"ఏటి బావా, ఎగిరిపోనాదా? సీమన్నావు, ఈగేటి?" అని ఎర్రయ్య నవ్వాడు.

"నువ్వు నవ్వకు, నీ ఊపిరికే కొట్టుకుపోద్ది," అంది ఆయన భార్య పోలమ్మ. "అన్నయ్యా, కదలకు."

ఎండురొయ్యల్లో నలుసులు ఏరే మనిషి ఆమె. వేలు తడిచేసి నేలమీద అద్దుకుంటూ పోయి, మంచంకోడు దగ్గర ఆగింది. వేలికొసన నల్లగా చుక్క.

"ఇదేనేటి? నొక్కితే ఎగిరిపోద్ది, అద్దితే అంటుకుంటాది."

అలాగే అద్ది, రేడియోలో సరిగ్గా దాని చోట పెట్టి ఇచ్చింది. తడి ఆరాక టంకం వేశాను. ముల్లు ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగింది, స్టేషన్లన్నీ పలికాయి.

సాయంత్రం వార్తల్లో వాతావరణం చెప్పారు. వాయుగుండం, మత్స్యకారులు వేటకు వెళ్ళరాదు.

"వలలు సర్దీసినాను బావా. నువ్వు రేపొచ్చి బాగుసేసినా సరిపోను, ఈ మాట ఇనకుండా యేటకెల్లిపోదును," అన్నాడు ఎర్రయ్య. పోలమ్మ పడవ దగ్గరికి నడిచి, తాను కట్టిపెట్టిన బియ్యం మూట వెనక్కి తెచ్చుకుంది.

ఆ మాట వినిపించాలనే రోజంతా తిరిగాను. వినిపించాక, వేట పోయిన ఎర్రయ్య మొహంలోకి చూడలేకపోయాను. ఒక్క ప్రశ్న అడగడానికి సిగ్గుపడి నేను మెట్ల కింద నిలబడ్డ ఆ పది నిమిషాలే నన్ను ఇప్పటికీ నిలవనీయవు. అక్కణ్ణుంచే వెనక్కి తిరిగుంటే, ఈ కబురు అందకుండానే పడవ వెళ్ళిపోయేది. మీరు వెళ్తే డయోడ్ తీగకాళ్ళు, దానిమీది నంబరు మాత్రమే చూసి కొనకండి. ఒక వోల్టు దగ్గర ఎన్ని పికోఫారడ్లో అడగండి. వెనక ఎంతమంది నిలబడ్డా సరే, గట్టిగా అడగండి.