బండలాగుడు మైకులో ఇంగ్లీషు కాలాలు

కరోనా సెలవుల తర్వాత బడులు కుదుటపడిన ఏడాది, బదిలీల కౌన్సెలింగులో నాకు కోయిలకుంట్ల దగ్గరి ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల వచ్చింది. హోదా స్కూల్ అసిస్టెంట్, ఇంగ్లీషు. అంటే హైస్కూలు తరగతులన్నిటికీ ఆ ఒక్క సబ్జెక్టే చెప్పాలి. రిటైర్మెంటు దగ్గర పెట్టుకుని, కర్నూలులో ఇల్లు వదిలి ఆ ఎండల్లోకి పోవడమేమిటని మా ఆయన విసుక్కున్నారు. నాకు మాత్రం కొత్త బడి అంటే ఎప్పుడూ హుషారే.

మా పదో తరగతి పిల్ల రెహానా తండ్రి దస్తగిరికి ఊళ్ళో పంక్చర్ల అంగడి ఉండేది. కానీ చుట్టుపక్కల ఊళ్ళకు ఆయన తెలిసింది గొంతుతో. దర్గా ఉరుసుకు జరిగే బండలాగుడు పోటీల్లో మైకు ఆయనదే. అంతకు ముందు వాళ్ళ నాన్నది. గిత్తల జతకు పెద్ద బండ కడతారు. ఇచ్చిన సమయంలో ఏ జత ఎక్కువ దూరం లాగితే దానిదే గెలుపు. జెండా ఎత్తితే మొదలు, విజిల్ ఊదితే ఆ జత వంతు ముగిసినట్టు. మైదానంలో అటూ ఇటూ తిప్పి లాగిస్తారు కాబట్టి, మొత్తం ఎంత లాగాయో మైకులో చెబితే తప్ప చూసేవాళ్ళకు తెలియదు.

ఆ ఏడాది ఉరుసు దగ్గరపడుతుండగా దస్తగిరి ఇంగ్లీషు నేర్పమని బడికి వచ్చాడు. పోటీలు చూడటానికి బయటి దేశాల నుంచి కొందరు పశువుల డాక్టర్లు వస్తున్నారట. వాళ్ళకు అర్థమయ్యేట్టు ఇంగ్లీషులో కూడా చెప్పాలని ఉరుసు కమిటీ పెద్ద పట్టుబట్టాడు. పెళ్ళిళ్ళకు యాంకరింగ్ చేసే కుర్రవాణ్ణి ఒకణ్ణి కర్నూలు నుంచి మాట్లాడేశాడు కూడా. దస్తగిరి బతిమాలితే, మొదలుపెట్టేది నువ్వే గానీ అతిథులు బిక్కమొహాలు వేసుకుని కూర్చుంటే మైకు ఆ అబ్బాయికిస్తానని తేల్చి చెప్పాడట.

"ఒగసారి చెయ్యి మారితే మైకు మళ్ళా రాదు మేడం," అన్నాడు దస్తగిరి.

ఆయన ఇంటరు దాకా చదివినవాడే. మాటలు తెలుసు. ఏ క్రియ ఏ రూపంలో పెట్టాలో తెలియదు. కాస్త చెప్పి చూపించమంటే ఛాతీ నిండా గాలి పీల్చి మొదలుపెట్టాడు. బుల్స్ ఆర్ కమింగ్, బుల్స్ ఆర్ పుల్లింగ్, లాస్ట్ ఇయర్ ఆల్సో బుల్స్ ఆర్ విన్నింగ్. నాకు నవ్వాగలేదు. మా సీమలో రోజూ పొలం పోయేవాడూ పోతాండాడు, ఈ క్షణాన దారిలో ఉన్నవాడూ పోతాండాడు. ఆ అలవాటు కొద్దీ మా పిల్లలంతా కనబడిన ప్రతి క్రియకూ 'ఇంగ్' తగిలిస్తారు. ఇక పెద్దవాళ్ళ సంగతి చెప్పేదేముంది!

తరగతిలో నేను పన్నెండు గళ్ళ పట్టిక గీసి కాలాలు చెప్పేదాన్ని. దస్తగిరికి అది పనికిరాదని అప్పుడే అర్థమైంది. గిత్తలు ఉరుకుతుంటే గళ్ళు వెతుక్కునే తీరికెక్కడిది? నాలుగు చాలనుకున్నాను. కళ్ళముందు ఠక్కున జరిగిపోయే పనికి సింపుల్ ప్రెజెంట్. తెలుగులో జెండా ఎత్తాడంటాం, ఇంగ్లీషు కామెంటరీలో 'హి లిఫ్ట్స్ ది ఫ్లాగ్' అనాలి. గిత్తలు రోజూ ఉలవలు తింటాయని చెప్పడానికీ అదే రూపం. కాసేపు సాగే పనికి ప్రెజెంట్ కంటిన్యూయస్, 'దే ఆర్ పుల్లింగ్'. ఆయన 'ఇంగ్' పూర్తిగా చెల్లేది అక్కడే. పోయినేడాది సంగతీ, వంతు ముగిసిన జత సంగతీ అయితే సింపుల్ పాస్ట్, 'దే పుల్డ్'. జత ఇంకా లాగుతుండగానే ఇప్పటిదాకా ఎంత లాగిందో చెప్పాలంటే ప్రెజెంట్ పర్ఫెక్ట్, 'దే హ్యావ్ పుల్డ్'.

సాయంత్రం బడి వదిలాక మైదానంలో సాధన. పదో తరగతి పిల్లలు జతలు కట్టి, పాత బెంచీకి తాడు కట్టి లాగేవాళ్ళు. దస్తగిరి కామెంటరీ చెప్పేవాడు. తప్పు రూపం వాడితే రెహానాయే ముందు అరిచేది. దుమ్ము, కేకలు, మధ్యలో నా చప్పట్లు! ఇన్నేళ్ళ ఉద్యోగంలో కాలాల పాఠం అంత ఉత్సాహంగా చెప్పిన గుర్తు లేదు.

అయితే ఒక్కచోట బండి కదల్లేదు. 'హ్యావ్ పుల్డ్' దగ్గరికి వచ్చేసరికి ఆయన మింగేసేవాడు, మళ్ళీ 'పుల్లింగ్'లోకి దూకేవాడు. ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఉరుసు నెత్తి మీదికి వచ్చేసింది. నాకు కోపం ఆగలేదు. ఏమప్పా, ఆ ఒక్క ముక్కకే నోరు తిరగదా అని గట్టిగానే అడిగాను.

ఆయన పిల్లల వైపు చూసి గొంతు తగ్గించాడు. "తిరుగుతాది మేడం. అనగూడదు. జత ఇంకా లాగుతాండంగానే లాగేసినాయి అంటే దిష్టి తగుల్తాది. మా నాయన కాలం నుంచి మైకులో ఎవురూ అనలా."

కోపం దిగిపోయింది. మరి ఎంత లాగాయో జనానికి ఎలా చెప్తారని అడిగాను. ఇంతవరకూ వచ్చినాయి, ఇంకా లాగుతాండాయి అని రెండూ కలిపి చెప్తారట. లెక్క అక్కడితో తెగిపోయినట్టు వినిపించకూడదు, అంతే. ఒక్కసారిగా నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంగ్లీషువాడు కూడా సరిగ్గా దానికే ఈ రూపం పెట్టుకున్నాడని చెప్పాను. 'హ్యావ్ పుల్డ్' అంటే ఇంతవరకూ అని, వంతు ఇంకా మిగిలే ఉందని. లెక్క తెంపేది 'పుల్డ్', దాన్ని విజిల్ తర్వాత గానీ ముట్టుకోవద్దన్నాను. 'హ్యావ్ పుల్డ్' వెనకాలే 'స్టిల్ పుల్లింగ్' అని కూడా తగిలించుకుంటానని ఆయన షరతు పెట్టాడు. తప్పేమీ కాదు, ఒప్పుకున్నాను.

పోటీల రోజు నన్ను మైకు బల్ల పక్కనే కూర్చోబెట్టారు. నల్ల కోటు వేసుకున్న కర్నూలు కుర్రవాడు కమిటీ పెద్ద పక్కన చెమటలు తుడుచుకుంటూ సిద్ధంగా ఉన్నాడు. దస్తగిరి ముందు తెలుగులో చెప్పి, తర్వాత ఇంగ్లీషు చెప్తున్నాడు. రూపాలన్నీ సరిగ్గానే పడుతున్నాయి. కానీ ఇంగ్లీషు వచ్చేసరికి ఆ ఘట్టం దాటిపోతోంది. మనవాళ్ళు ఈలలు వేసి కూర్చున్నాక అతిథులు మెల్లగా చప్పట్లు కొడుతున్నారు. కమిటీ పెద్ద మొహం ముడుచుకుంటోంది. చివరి జతకు ముందు ఆయన కుర్రవాడి భుజం తట్టి లేపాడు.

ఆ జత అవుకు ఊరి వైపుది. దస్తగిరి మైకు వదల్లేదు. ఈసారి వరస మార్చేసి ముందు ఇంగ్లీషు అందుకున్నాడు. ది ఫ్లాగ్ గోస్ అప్! దే ఆర్ పుల్లింగ్! మైదానం ఆ చివరికి పోయి తిరిగాయి, ఈ చివరికి వచ్చి మళ్ళీ తిరిగాయి. అప్పటిదాకా ముందున్న జత దూరం దగ్గరపడింది. దస్తగిరి మెడ నరాలు ఉబ్బాయి.

"దే హ్యావ్ క్రాస్డ్ ది లీడ్! స్టిల్ పుల్లింగ్, స్టిల్ పుల్లింగ్!"

డాక్టర్లు కుర్చీలు వెనక్కి తోసి ఒక్క ఊపున లేచారు. వాళ్ళు లేవడం చూసి మనవాళ్ళు ఏమైందో తెలియక మైకు వైపు తిరిగారు. అప్పుడు తెలుగు పడింది. మైదానమంతా లేచింది. నేనూ ఏం చేస్తున్నానో తెలియకుండానే బల్ల మీద దబదబా బాదాను. విజిల్ ఊదారు. దస్తగిరి ఒక్క క్షణం ఊపిరి తీసుకుని, అప్పుడు మాత్రమే, "దే పుల్డ్," అన్నాడు.

కమిటీ పెద్ద కుర్రవాణ్ణి భోజనాల పందిరి వైపు పంపించేశాడు. మరుసటేడు నాతో సహా ఊరంతా విన్నది దస్తగిరి గొంతే.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నా పాఠంలో ఒక పని చేర్చుకున్నాను. ఎవరైనా ఒక రూపాన్ని మాటిమాటికీ తప్పిస్తుంటే, అది రాక తప్పిస్తున్నారా, అనకూడదని తప్పిస్తున్నారా అని ముందే అడిగేదాన్ని. రాకపోతే సాధన చేయించాలి. అనకూడదనుకుంటే కూర్చుని మాట్లాడాలి.