చుట్టాలు లేని దారి

కొత్తపేట నుంచి గోదారి పాయని దాటించే గన్నవరం అక్విడెక్టు మీదుగా రాజోలు దాకా సైకిలు మీద వెళ్ళడానికి ఒక ప్రశాంతమైన దారి ఉందనీ, దాన్ని కనిపెట్టింది మా బావగారనీ, ఆ దారి కోసం ఆయన తనని పెంచిన మేనత్తనే కాదనుకున్నారనీ మా చుట్టాల్లో ఒక కథ తిరుగుతోంది. ఆ కథ పుట్టించింది నేనే. అందులో దారి ఉన్నమాట ఒక్కటే నిజం.

బావగారంటే మా అక్క భర్త. కొత్తపేటలో కొబ్బరీ అరటీ పండిస్తారు. ఆయనకి సుగరు వస్తే డాక్టరు నడవమన్నాడు. మోకాళ్ళు ఒప్పుకోలేదు. అయితే సైకిలు తొక్కమన్నాడు. సలహా ఆయనకి చెప్తే ఉత్సాహం నాకు వచ్చింది. అమలాపురంలో నాది ఎరువుల కొట్టు. పగలంతా కుర్చీలో కూర్చుని యూరియా బస్తాలు లెక్కపెట్టే మనిషిని, కొన్నాళ్ళకి నేనూ వాటిలాగే తయారయ్యేను.

బావగారు తన పాత సైకిలుకే కొత్త టైర్లు వేయించుకున్నారు. నేను ఆన్‌లైన్లో సన్న చక్రాల సైకిలు, హెల్మెట్టు, చలవ కళ్ళద్దాలు, ఒక నిక్కరు తెప్పించేను. నిక్కరు గురించి తర్వాత చెప్తాను. ఈ కథలో అసలు ముద్దాయి అదే. ఆదివారం పొద్దున్నే ఆ సైకిల్ని కారు వెనకాల కట్టుకుని కొత్తపేట వెళ్ళేవాణ్ణి. సైకిలు తొక్కడానికి కారు వేసుకొచ్చిన మనిషిని చూసి బావగారు, "పెట్రోలు సైకిలుకి కూడా పోయించేరాండి?" అని అడిగేవారు.

ఫ్రాన్సు పిచ్చి కూడా నేనే అంటించేను. అక్కడ ఒక నది లోయలో సైకిలు మీద తిరిగేవాళ్ళ వీడియోలు నా ఫోన్లో చూపించేను. నది పక్కనే సన్నటి తారురోడ్డు. ఒక పక్క ద్రాక్షతోటలు, దూరంగా గుట్ట మీద కోట. గంటసేపు చూసినా ఒక లారీ రాదు, ఒక హారను మోగదు.

బావగారు ఇడ్లీ తినడం ఆపి చూసేరు. "బావుందండి. మనుషులేరీ?"

"ప్రశాంతం కదండీ బావగారూ."

"ఆయ్, ప్రశాంతమేనండి. మరి పంక్చరు పడితే ఎవర్ని పిలుస్తారండి?"

మనకీ అలాంటి దారే ఉందని వాదించేను. వాళ్ళకి నది ఉంటే మనకి గోదారి పాయలున్నాయి, కాలవలున్నాయి. ద్రాక్షతోటల బదులు కొబ్బరితోటలు. కోట లేదు గానీ పాత రైసుమిల్లు ఉంది, పొద్దుటి మంచులో చూస్తే దాని గొట్టం బురుజులాగే ఉంటుంది. లారీలన్నీ పెద్దరోడ్డు మీద పోతాయి. కాలవగట్టు పట్టుకుంటే బాతులు, గట్టున ఆరబెట్టిన కొబ్బరిపీచు, గెలలేసుకుని పోయే సైకిళ్ళు తప్ప ఏమీ అడ్డం రావు.

అడ్డం వచ్చేది ఒక్కటే. చుట్టాలు.

ఫ్రాన్సువాళ్ళకి ఈ బాధ ఉన్నట్టు లేదు. మాకు వాహనాలు లేని దారి సులువుగానే దొరికింది. చుట్టాలు లేని దారికి మాత్రం చాలా తల బద్దలు కొట్టుకోవలసి వచ్చింది. కాలవ లాకుల దగ్గర బావగారి పిన్నిగారు. ఆ తర్వాత ఊళ్ళో వాళ్ళ పెద్ద వియ్యంకుడు. ఆ పక్క సందులో మా ఆవిడ మేనమామ. వీళ్ళలో ఎవరి కంటపడినా, "ఆయ్, సైకిలు మీద వచ్చేరేంటండి, కారుకేమైందండి" దగ్గర మొదలై, పెసరట్టు దాకా వెళ్ళి, భోజనం చేసి పొమ్మనే దగ్గర ఆగేది. మొదటి ఆదివారం మేం తొక్కింది రెండూళ్ళు, తిన్నది నాలుగిళ్ళలో. సుగరు కోసం బయల్దేరిన మనిషి పూతరేకుల పొట్లంతో ఇంటికెళ్ళేరు. మా అక్క ఆ పొట్లాన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది.

దాంతో చుట్టాల ఇళ్ళు తప్పించుకుంటూ నేనో రూటు గీసేను. అవును, నేనే గీసేను. ఒక చోట అరటితోట గట్టు, ఒక చోట శ్మశానం వెనక దారి. అక్కడ మా చుట్టాలు ఉన్నా పలకరించరు. అన్ని ఇళ్ళూ తప్పించేను గానీ ఒక్కటి తప్పలేదు. అది గన్నవరానికి ఇవతల, సరిగ్గా కాలవగట్టు మీదే ఉన్న బావగారి మేనత్తగారి ఇల్లు. నేను దొడ్డమ్మ అంటాను.

ఆవిడ బావగారికి మేనత్త అనడం చాలదు. బావగారు పసివాడుగా ఉన్నప్పుడే వాళ్ళమ్మ మంచాన పడితే తీసుకెళ్ళి పెంచింది ఆవిడే. హైస్కూలు అయ్యేదాకా ఆయన ఉన్నది ఆ ఇంట్లోనే. ఇప్పటికీ ఏటా వేసవిలో ఆవిడ కలిపిన మాగాయ జాడీ కొత్తపేట చేరాకే మిగతా పిల్లలకి వెళ్తుంది. ఆయనకి మనవలు పుట్టినా ఆవిడకి ఆయన "ఒరేయ్ అబ్బాయ్" గానే మిగిలేరు.

ఆ ఇంటికి కొంచెం ముందు కాలవ మీద కాలిబాట వంతెన ఉంది. దాని మీంచి సైకిళ్ళు మోసుకెళ్ళి అవతలి మట్టిగట్టు మీద పోదామన్నాను.

"ఎందుకండి?" అన్నారు బావగారు.

"ఎవరేజి స్పీడు పడిపోద్దండి. ఎక్కడా ఆగకుండా వెళ్తే మన దారి గీసే యాప్‌లో గీత తెగకుండా వస్తుంది." నేను అలాగే చెప్పేను. అది అబద్ధం.

ఇక నిక్కరు సంగతి. అది నల్లగా, ఒంటికి రంగేసినట్టు అతుక్కుని ఉంటుంది. సీటు నొప్పి పుట్టకుండా లోపల మెత్త కుట్టి ఉంటుంది. సైకిలు మీద ఉన్నంతసేపూ ఫరవాలేదు. దిగి నడిస్తే వెనకాల ఎవరో వేరే మనిషి నడుస్తున్నట్టుంటుంది. ఆ ఆదివారం ఆ వేషంతో దొడ్డమ్మ అరుగు ముందు దిగి, ఆవిడ కాళ్ళకి వంగి దండం పెట్టడం అనే దృశ్యం నా కళ్ళముందు ఆడింది. వంగితే నా వెనక ఉన్న వీధి పరిస్థితి ఏమిటి? అందుకే వంతెన ఎక్కేను.

అరుగు మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్న ఆవిడ చూడనే చూసేరు. బావగారి వీపు కాలవకి అవతల్నుంచే గుర్తుపట్టగలరు, ఎన్నో ఏళ్ళు సబ్బు రుద్దిన వీపు.

"ఒరేయ్ అబ్బాయ్."

బావగారు బ్రేకు వేసేరు. కాలు కింద పెట్టేరు.

"పదండి బావగారూ. చూడనట్టు పదండి."

"మా అత్తండి."

"ఈ అవతారంతో నేను రాలేనండి. సాయంత్రం ఫోను చేద్దురుగాని."

ఆయన నా నిక్కరు వంక చూసేరు. ఆ తర్వాత ఇంటి వంక చూసేరు. రెండోసారి పిలుపు వినపడేలోపే పెడలు తొక్కేరు. అక్విడెక్టు దాకా నాకు అందకుండా ముందే పోయేరు. నాకు మాత్రం గీత తెగకుండా వచ్చింది.

ఇక్కడితో ఆగితే ఇది చిన్న తప్పు. కొన్నాళ్ళకి చుట్టాలమ్మాయి ఓణీల ఫంక్షను జరిగింది. బంతిలో నాకూ బావగారికీ ఎదురుగా దొడ్డమ్మ కూర్చున్నారు. పనసపొట్టు కూర వడ్డిస్తుండగా ఆవిడ అడిగేరు, "పిలిస్తే ఆగలేదేరా ఆవేళ?"

బావగారు నోరు తెరిచేరు. ఆయన ఏం చెప్పబోయేరో నాకు తెలుసు. నిక్కరు. పక్కనంతా ఆడపడుచులు, మరదళ్ళు. ఇంక ఏడాదంతా నా వెనకభాగం మీద పాటలు కట్టేస్తారు. నేనే ముందు అందుకున్నాను.

"మీ ఇంటిముందు నుంచి వెళ్తే తిండి పెట్టి చంపేస్తారని బావగారే రూటు అవతలి గట్టుకి మార్చేరు దొడ్డమ్మా. ఆయనకిప్పుడు ఫ్రాన్సు కావాలి, మీరెందుకండీ?"

బంతి బంతంతా నవ్వింది. బావని ఆటపట్టించడం బావమరిది హక్కు, అందులో నిజమెంతని ఎవరూ అడగరు. అడ్డు చెప్తే బావకే పరువు తక్కువ. బావగారు తల వంచుకుని కూర కలుపుకున్నారు. దొడ్డమ్మ నవ్వలేదు. పెరుగన్నం తినకుండా విస్తరి మడిచి లేచేరు.

ఆ వేసవిలో కొత్తపేటకి మాగాయ జాడీ రాలేదు. అక్క ఫోన్లో చెప్పింది. "మీ బావగారు మేనత్తగారింటికి వెళ్ళొచ్చేరురా."

"ఏమన్నారు?"

"రండి, కూర్చోండి, అన్నారట. మంచినీళ్ళు తీసుకుంటారా అని అడిగేరట."

మా వైపు అందరం అందరికీ అండీ పెడతాం. కుక్కని కూడా అవతలికి వెళ్ళండి అని తరిమేవాళ్ళున్నారు. అయితే పుట్టిన దగ్గర్నుంచి ఒరేయ్ అన్న మనిషి ఒక రోజు రండి అంటే, ఆ ఇంట్లోంచి మీ మంచం తీసేసినట్టే. బావగారు ఆ మంచినీళ్ళు తాగి వచ్చేసి సైకిలు కొబ్బరిపాకలో తగిలించేరు. సుగరు మళ్ళీ పెరిగింది. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే నేనూ ఒక మాట అని తేలికపడేవాణ్ణి.

మొన్న ఆదివారం దొడ్డమ్మ ఇంటికి వెళ్ళేను. కారు వంతెన దగ్గర ఆపి, సైకిలు దించి, ఆ నిక్కరుతోనే వెళ్ళేను. పంచె కట్టుకుని వెళ్ళి చెప్తే ఆవిడ నమ్మరనిపించింది. అరుగు ముందు దిగేను. వంగి దండం పెట్టేను. వెనకాల వీధిలో ఒక మోపెడ్ ఆగిన చప్పుడైంది.

"దొడ్డమ్మా, ఆవేళ ఆగకపోవడానికి కారణం ఇదండి. బావగారు బ్రేకు వేసేరు. ఈ వేషంతో మీ ముందుకి రాలేక నేనే లాక్కుపోయేను. బంతిలో చెప్పింది అబద్ధం."

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చుట్టూ తిరిగి చూసేరు. "వెనకాల ఏముంది ఇందులో? దూదా?"

"మెత్తండి."

"వాడు బ్రేకు వేసేడని నాకు తెల్సు. చూసేను. ఆ తర్వాత వెళ్ళిపోయేడు. అదీ చూసేను. నువ్వు పద అంటే పోడానికి వాడికి కాళ్ళున్నాయి, ఆగడానికి లేవా?"

నిజం చెప్పేస్తే అంతా సర్దుకుంటుందనే నేను వచ్చేను. ఆవిడ అవతలి గట్టు వంక చూసి, "వాడికి ఫోను చెయ్యి" అన్నారు. చేసి ఇచ్చేను.

"నీ బావమరిది ఇక్కడున్నాడు. వచ్చి చూసుకో. సైకిలు మీదే రా." పెట్టేసేరు. అందులో ఒరేయ్ లేదు, అండీ కూడా లేదు. మధ్యలో ఎక్కడో ఉంది.

నేను కారులో ఉన్న పంచె తెచ్చుకుంటానని లేచేను.

"అక్కర్లేదు. వాడొచ్చేదాకా ఈ అరుగు మీదే కూర్చోండి మీరు."

మీరు. ఇన్నాళ్ళూ బావగారు మోసింది ఆ ఒక్క మాటతో నా ఒళ్ళో పడింది.

కూర్చున్నాను. కాలవగట్టు మీద అంత రద్దీ ఉంటుందని నాకు తెలీదు. పాలవాళ్ళు, క్రికెట్టుకెళ్ళే పిల్లలు, కొబ్బరి దింపువాళ్ళు, మా ఆవిడ మేనమామ గారు కూడా, ఎవరు ఫోను చేసేరో మరి. అందరూ ఆగేరు. అందరూ, "ఏంటండి, బావున్నారాండి" అని అడిగి కిందకి చూసేరు. బావగారు రారేం అని ఫోను చేస్తే, "లాకుల దగ్గర పిన్నిగారు చూసేసేరండి, అట్టు వేస్తున్నారు" అన్నారు. కాసేపాగి చేస్తే వియ్యంకుడిగారింట్లో ఉన్నారు. నేను గీసిన రూటులో తప్పించిన ప్రతి ఇంట్లోనూ వరసగా ఆగుతున్నారు.

"అక్కడ తినొద్దని చెప్పండి" అన్నారు దొడ్డమ్మ లోపల్నుంచి. పోపు వాసన వచ్చింది.

చివరికి కనిపించేరు. అలవాటుకొద్దీ వంతెన దాటేసి అవతలి మట్టిగట్టు మీద వస్తున్నారు. దొడ్డమ్మ అట్లకాడతో బయటికొచ్చేరు. ఇంటికి ఎదురుగా వచ్చినా ఆయన తల ఎత్తలేదు. ఒరేయ్ అని పిలవని ఇంటి ముందు ఎలా ఆగాలో తెలీనట్టు నెమ్మదిగా తొక్కుతున్నారు.

ఆవిడ నా వంక చూసేరు. నా నిక్కరు వంక చూసేరు. అట్లకాడ కొంచెం పైకెత్తేరు.

"ఒరేయ్ అబ్బాయ్."

బ్రేకు కీచుమంది. ఆయన సైకిలు గట్టు మీద పడేసి, చెప్పులు చేత్తో పట్టుకుని, వంతెన దాకా వెనక్కి వెళ్ళే ఓపిక లేక, మోకాళ్ళ నొప్పుల మనిషి కాలవలోకే దిగిపోయేరు.