తనిఖీ రోజున నా పళ్లు చేసిన పని

ఒక్క నిమిషంలో నా నౌకరీ ఊడి, మా దవాఖాన ఆపరేషన్ గదికి తాళం పడి, మా ఇంటి పరువు మగ్గం గుంటలో కలిసిపోవాల్సిన రోజు ఒకటి నా జీవితంలో ఉంది. అవేవీ జరగలేదు. జరగకపోవడానికి నా తెలివే కారణమని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి. ఆ రోజు నా తెలివి ఎంత జోరుగా పనిచేసిందంటే, ఇంకో అరగంట అలాగే పనిచేసి ఉంటే దవాఖాన గోడలు కూడా మిగిలేవి కావు.

మన రాష్ట్రం వచ్చిన కొత్తలో మాట. నల్లగొండ జిల్లాలో హైవేకు కాస్త లోపలగా ఉన్న ఒక సర్కారు దవాఖానలో నేను స్టాఫ్ నర్సును. ఊరి పేరు చెప్పను, ఇప్పుడక్కడ పనిచేసేవాళ్లు బుద్ధిమంతులు. మాది నేతపని చేసుకునే ఇల్లు. మా వంశంలో సూది పట్టుకుని జీతం తెచ్చుకున్న మొదటి మనిషిని నేనే. దానికి తోడు మూడు రోజుల శిక్షణకు పోయి, మెడలో ఒక కార్డు, చంకలో ఒక ఫైలు వేసుకుని తిరిగొచ్చాను. మా డాక్టర్ సారు నన్ను ‘ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు’ను చేశారు. అంటే, ఒక బాధతో వచ్చిన మనిషి దవాఖానలో ఇంకో రోగం అంటించుకుని ఇంటికి పోకుండా చూసే మనిషినన్నమాట. నేనైతే కలెక్టరు తర్వాత నేనే అనుకున్నాను.

సారు ఆ పని నాకు ఊరికే ఇవ్వలేదు. అంతకు రెండు నెలల ముందు మా బాలింతల వార్డులో ఇద్దరికి పెద్దాపరేషన్ కుట్లు చీము పట్టాయి. ఇద్దరూ కోలుకున్నారు గానీ ఆ సంగతి పైదాకా పోయింది.

“భాగ్యలక్ష్మీ, తనిఖీకి వస్తున్నరు. వాళ్లకు నచ్చకపోతే ఈడ ఆపరేషన్లు బంద్. ఇగ అందరినీ నల్లగొండకు పంపుడే,” అన్నారు సారు.

నల్లగొండకు పంపడమంటే ఏమిటో నాకు తెలుసు. నొప్పులు పడుతున్న మనిషిని ఊరి నుంచి మా దాకా తెచ్చి, మళ్లీ బండి మార్చి పంపాలి. అలా పోతూ పోతూ ఆటోలోనే కాన్పయిన ఒక బిడ్డను ఈ చేతులతోనే పట్టుకున్నాను. తల్లీబిడ్డా బతికారు. కాబట్టి ఏమైనా సరే, ఈ తనిఖీ గట్టెక్కాలి. అక్కడిదాకా నా ఆలోచన బంగారం. చెడింది ఆ తర్వాతే.

తనిఖీకి పది రోజుల ముందు పదహారు హ్యాండ్ రబ్ సీసాలు వచ్చాయి, మంచానికి ఒకటి చొప్పున. ఒక్కసారి నొక్కితే చేతిలో మందు పడుతుంది, రుద్దుకుంటే చేతుల మీది క్రిములు చస్తాయి. ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి మీకు చెప్పాలి. మగ్గం దిగిన పట్టుచీరను కొనే సేటు వచ్చి చూసేదాకా ఇంట్లో ఎవరూ ముట్టకూడదు. అమ్మ వెలిసిన నూలుచీర కట్టుకుని ఆ పట్టుచీర పక్కనే పడుకుంటుంది గానీ, దాని మీద వేలు పెట్టదు. మంచి సరుకంటే చూసేవాళ్ల కోసం దాచేదని పాలతో పాటు తాగి పెరిగాను. ఆ బుద్ధే దవాఖానకు కూడా వచ్చింది. సీసాలు వాడితే సగమైపోతాయి, సగమైన సీసాలు చూసి పెద్దవాళ్లు ఏమనుకుంటారు?

అందుకని పదహారు సీసాల మూతినీ నొక్కడానికి వీల్లేకుండా దారంతో బిగించి ముడేశాను. మామూలు ముడి కాదు, తెగిన పోగును కలిపే మా ఇంటి ముడి. లాగినకొద్దీ బిగుసుకుంటుంది. మా బాపు కూతురి హోదాకు మురిసిపోయి, మిగిలిన గుడ్డముక్కలతో సీసాలకు గలేబులు కూడా కుట్టి పంపాడు. ఎర్రంచు గలేబులు తొడుక్కుని పదహారు సీసాలు పెళ్లికి తయారైనట్టు నిలబడ్డాయి.

మా వార్డు ఆయమ్మ ఎస్తేరమ్మ చీపురు ఆపి చూసింది. ఒకప్పుడు కూలికి పోయి నాట్లు వేసిన మనిషి, నా తల్లి వయసుది.

“ఏంది బిడ్డా, సీసాలకు దారం గడ్తున్నవ్?”

“తనిఖీ అయ్యేదాంక ఎవ్వరు ముట్టొద్దు ఎస్తేరమ్మా. నిండుగ కనవడాలె.”

“మరి గప్పటిదాంక చేతులకు ఏం రాసుకోవాలె?”

“గప్పటిదాంక జర ఓపిక వట్టాలె.”

“చేతులు ఓపిక వడ్తయి. పురుగులు వడ్తయా?”

ఎంత మంచి ప్రశ్నో చూడండి. నేను మాత్రం మెడలో కార్డు సర్దుకున్నాను.

ఎస్తేరమ్మతో నాకు ఇంకో తగాదా కూడా ఉంది. వార్డులో బేసిన్ నల్లా చెడిపోతే, ఆమె తలుపు దగ్గర స్టూలు మీద ఒక ఎర్ర బకెట్ పెట్టింది. పక్కనే ఉల్లిగడ్డల జాలిసంచిలో వేలాడే సబ్బు. మా దిక్కున కాన్పయిందంటే చాలు, ఆటో నిండా చుట్టాలు దిగుతారు, దిగినవాళ్లంతా బిడ్డను ఎత్తుకోవాల్సిందే. ఎస్తేరమ్మ తలుపుకు అడ్డం నిలబడేది. “చేతులు సూపియ్యి. గోర్లు గూడ.” పెద్దమనిషని లేదు, ఆడబిడ్డని లేదు. చివరికి మా సారునూ వదల్లేదు. “సార్, గా మంచం కాడికెల్లి ఈ మంచం కాడికి వస్తున్నరు. నడుమ సబ్బు!” సారు బుద్ధిగా చేతులు కడుక్కునేవారు.

తనిఖీ పొద్దున ఆ బకెట్ నా కంట పడింది.

“ఇది తీసెయ్యి ఎస్తేరమ్మా. మేడం వాళ్లు సూస్తే ఇజ్జత్ పోతది.”

“ఇజ్జత్ పోతె నువ్వు సూస్కో. కుట్లు చెడితె ఎవరు సూస్కుంటరు?”

నేనే బకెట్ మోసుకెళ్లి స్టోర్ గదిలో పెట్టాను. అటు తిరిగి ఇటు వచ్చేసరికి అది మళ్లీ స్టూలు మీదుంది. మళ్లీ తీశాను. మళ్లీ వచ్చింది. మూడోసారి గేటు దగ్గర జీపు చప్పుడైంది, బకెట్టే గెలిచింది.

తనిఖీ మేడం నెమ్మదైన మనిషి. వెనక ఇద్దరు డాక్టర్లు, వాళ్ల వెనక చెమటలు పట్టిన మా సారు. మేడం నేరుగా మొదటి మంచం దగ్గరకు నడిచారు. కేతేపల్లి నుంచి వచ్చిన స్వప్న అక్కడ పడుకుని ఉంది, ఆపరేషనై మూడో రోజు. పక్కన ఆమె అత్త ఒడిలో పాప.

“కుట్లు చూద్దాం,” అంటూ మేడం సీసా కోసం చెయ్యి చాపారు. గలేబు తీసి నొక్కారు. రాలేదు. ఇంకోసారి నొక్కారు.

“ఇదేంటమ్మా, రావడం లేదు?”

“వస్తది మేడం, జర ఆగుండ్రి,” అని సీసా అందుకుని ముడి పట్టుకున్నాను. శిక్షణలో చెప్పారని గోళ్లు మొదలంటా కత్తిరించుకున్నాను. గోళ్లు లేకుండా ఆ ముడి దేవుడికి కూడా రాదు.

“దారం కట్టావా? ఎందుకు?”

“ఎవ్వరు వాడకుంట మేడం.”

“అన్నిటికీనా?”

“పదహారింటికి మేడం!” అన్నాను, కొంచెం గర్వంగా కూడా.

వెనక మా సారు దగ్గారు. ఆ దగ్గుకు అర్థం ‘నోరు మూసుకో’ అని. నేను దాన్ని ‘తొందరగా కానియ్’ అని తీసుకున్నాను. ఇక పుట్టినప్పటి నుంచి మా ఇంట్లో చూసింది నా ఒంట్లో నిద్ర లేచింది. మగ్గం మీద ముడి మొరాయిస్తే మా బాపు ఏం చేస్తాడు? మా తాత ఏం చేసేవాడు? నేనూ అదే చేశాను. సీసాను నోటి దగ్గరకు తెచ్చుకుని, ముడిని పళ్ల సందున పట్టి, పుటుక్కున కొరికేశాను.

కొరికిన ఊపుకు సీసా తలకాయ నొక్కుకుపోయింది. పది రోజులుగా ఎవరినీ ముట్టనివ్వని మందు మొదటిసారి నా నాలుక మీదే పడింది. వేపాకు దానిముందు బెల్లం. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే సీసాను భక్తిగా మేడం ముందు చాపాను.

“తీస్కోండి మేడం. ఇగ వస్తది.”

మేడం సీసాను ముట్టలేదు. నా వైపే చూస్తూ, “నువ్వెవరమ్మా?” అన్నారు.

పెదాల మీద దారం వేలాడుతుండగా చెప్పాను. “ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సును మేడం.”

మా సారు గోడ వైపు తిరిగారు. నాకు నల్లగొండ రోడ్డు కనిపించింది. నొప్పులతో ఆటోలో పోయే ఆడవాళ్లంతా వరసగా కనిపించారు. వాళ్లందరినీ నా రెండు పళ్లతో ఆ రోడ్డు మీదకు తోసేశానని అర్థమై, ఈసారి కళ్లనీళ్లు మందు వల్ల వచ్చినవి కావు.

అప్పుడు వినిపించింది తలుపు దగ్గర నుంచి. “మేడం, గిటు రాండ్రి. నీళ్లు వోస్త.”

మేడం ఎర్ర బకెట్ దగ్గరకు వెళ్లి చేతులు చాపారు. ఎస్తేరమ్మ సబ్బు ఇచ్చి, నీళ్లు పోయబోయి ఆగింది. “ఉంగరం తియ్యలే మేడం. పురుగులు దాని కిందనే దాస్కుంటయి.”

మేడం ఉంగరం తీసి జేబులో వేసుకుని మళ్లీ మొదటి నుంచి రుద్దారు. తర్వాత స్వప్న కట్టు విప్పి చూశారు. కుట్లు శుభ్రంగా ఉన్నాయి. పక్క మంచం చూశారు, ఆ పక్కది చూశారు. రిజిస్టర్ తిరగేశారు. ఆ ఇద్దరి తర్వాత ఒక్క బాలింతకూ చీము పట్టలేదు.

“సీసాలన్నీ కట్టేసి ఉన్నాయి. మరి ఇది ఎలా జరిగింది?”

స్వప్న అత్త అందుకుంది. “గామెనే మేడం. నా మనుమరాలిని నేను ఎత్తుకుంటనంటె మూడుసార్లు కడిగిచ్చింది. మా పాలిటి పోలీసు.”

“నీకెవరు చెప్పారమ్మా?” అని మేడం ఎస్తేరమ్మను అడిగారు.

“గా ఇద్దరు పోరిలకు చీము వట్టినప్పుడు కట్టుగుడ్డలు పారేసింది నేనే మేడం. ఆళ్ల ఏడుపు ఇన్నంక బువ్వ సయించలే. గప్పుడు పెట్టిన బకెట్,” అని, నా వైపు చెయ్యి చూపించింది. “చేతులు ఎట్ల రుద్దాలెనో, యేళ్ల సందులు గూడ ఎట్ల కడగాలెనో, ఈ బిడ్డనే నేర్పింది. మంచి పిల్ల మేడం. జర భయపడ్డది, అంతే.”

నేర్పిన మాట నిజమే. శిక్షణ నుంచి వచ్చిన రోజు గొప్ప కోసం ఒక్కసారి చేసి చూపించాను. నేను మరిచిపోయాను, ఆమె పట్టుకుంది. బకెట్ దాచిన దాన్ని నేను, నన్ను దాచింది ఆమె. ఆ రుణం తీర్చడం నాకు చేతకాదు, తీర్చాలని కూడా లేదు. ఆ దవాఖానలో ఆపరేషన్లు ఆగలేదు. తర్వాత పుట్టిన పిల్లలు ఇప్పుడు బడికి పోతూ రోడ్డు మీద ఎదురైతే, నేను మనసులో ఎస్తేరమ్మకే దండం పెట్టుకుంటాను.

తనిఖీ కాగితంలో మేడం మూడు మాటలు రాశారు. బేసిన్ నల్లా వెంటనే బాగుచేయాలి. సీసాలు తెరిచి వాడాలి. ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సును మళ్లీ శిక్షణకు పంపాలి. ఆ కాగితం చూసి మా బాపు “మళ్ల పిలిచిండ్రా!” అని వీధంతా చెప్పుకుని మురిశాడు. నేను సరిదిద్దలేదు.

ఎస్తేరమ్మ రిటైరైన రోజు అందరూ శాలువాలు కప్పారు. మాట్లాడమని నన్ను లేపారు. వెళ్లి వంగి ఆమె కాళ్లు ముట్టుకుని ఏడ్చేశాను. ఆమె నన్ను లేపి, గుండెకు హత్తుకుని, చెవిలో అంది.

“కాళ్లు ముట్టినవ్ గద బిడ్డా. పోయి చేతులు కడుక్కొని రా.”

కడుక్కున్నాను, సందులు కూడా. ఆ తడి చేతులు ఎత్తి మీ అందరి ముందు ప్రమాణం చేస్తున్నాను: మందు సీసాను ఇక తనిఖీ కోసం దాచను. దాచినా ముడి వేయను. వేసినా నోరు పెట్టను. ఖర్మ కాలి పెట్టినా, పక్కన ఎస్తేరమ్మ లాంటి మనిషి ఉందో లేదో చూసుకోకుండా మాత్రం ఈ జన్మలో పెట్టను.