సున్నం గీత

అతని అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా వినబడదు. అందరికీ సున్నం మేస్త్రీ. మునిసిపాలిటీలో రోడ్ల గుంతలు పూడ్చే పని. మెయిన్ రోడ్డు మీద గుంత కనబడితే ముందు దాని చుట్టూ సున్నంతో గీత గీసేవాడు. గీత పడిందంటే తారు పడినట్టేనని దుకాణాలవాళ్ల నమ్మకం. ఈలోపు అతను కనబడితే చాలు, దులిపేసేవారు. "మేస్త్రీ, ఇందులో చేపలు పెంచుతావా ఏంటి?" అని టైలరు, "అన్నయ్యా, నా గ్లాసుల నిండా దుమ్మే!" అని టీకొట్టు ఆవిడ. అతను తల గోక్కుంటూ "రేపు, రేపు" అనేవాడు. భార్య పోయాక అతనితో నోరారా మాట్లాడేది వీళ్లే. అందులో సగం తిట్లే అనుకోండి. ఇంట్లో ఆపాటి తిట్టే దిక్కు కూడా లేదు కదా!

ఇలా ఉండగా రద్దీ రోడ్లన్నీ మునిసిపాలిటీ చేతిలోంచి రాష్ట్ర ప్రభుత్వం చేతికి వెళ్లిపోయాయి. మంచిదేనన్నారు ఆఫీసులో అందరూ, వాళ్ల దగ్గర పెద్ద పెద్ద మెషిన్లున్నాయట. రోడ్డు చివర ఫోన్ నంబరుతో బోర్డు పాతారు. మేస్త్రీకి సందులు మిగిలాయి.

"మెయిన్ రోడ్డు జోలికి పోకు. అదిప్పుడు మనది కాదు," అన్నాడు పై అధికారి, ఫైల్లోంచి తలెత్తకుండానే.

సందుల్లో పగలంతా తలుపులు మూసే ఉంటాయి. పని చేసుకుని వచ్చేయడమే, పలకరించే నాథుడు లేడు. సాయంత్రానికి తన గొంతు తనకే కొత్తగా ఉండేది.

ఒక ఉదయం మెయిన్ రోడ్డు దాటుతుంటే టీకొట్టు ముందు కొత్త గుంత కనబడింది. చెయ్యి ఊరుకోలేదు. సంచిలోంచి సున్నం తీసి గీత గీసేశాడు.

"హమ్మయ్య, వచ్చావా అన్నయ్యా! ఎప్పుడు పూడుస్తావ్?" అంది టీకొట్టు ఆవిడ.

ఇది నా పని కాదమ్మా, ఆ బోర్డు మీది నంబరుకు ఫోన్ చెయ్యి అని చెప్పాలి. చెబితే ఇక తనను అడిగేదెవరు?

"రేపమ్మా," అన్నాడు.

మర్నాడూ వెళ్లాడు. చెడామడా తిట్టించుకుని, టీ తాగి వచ్చాడు. ఆ మర్నాడూ అంతే. టైలరు కూడా కత్తెరతో సహా బయటికొచ్చి నాలుగు వడ్డించాడు. మేస్త్రీకి ఆ రోజులు ఎంత హాయిగా గడిచాయో చెప్పుకుంటే సిగ్గుచేటు. గీత ఉంది కదా అని ఆ నంబరుకు ఎవరూ ఫోన్ చెయ్యలేదు. ఇంతలో పెద్ద వాన పడింది. సున్నం కొట్టుకుపోయింది, గుంత రెండింతలైంది.

వాన వెలిశాక వెళ్లేసరికి టీకొట్టు మూసి ఉంది.

"ఆవిడేది?" అని అడిగాడు టైలరుని.

"పాలక్యాను తెస్తూ ఆ గుంతలో పడింది. నీళ్లు నిండి కనబడలేదట. కాలు విరిగింది. నువ్వు గీత గీశావు కదా అని మేమంతా ఊరుకున్నాం, మేస్త్రీ."

టైలరు ఈసారి తిట్టలేదు. లోపలికి పోయి మిషను తొక్కుకుంటూ కూర్చున్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది మేస్త్రీకి.

కాళ్లీడ్చుకుంటూ బోర్డు దగ్గరికి వెళ్లి ఆ నంబరుకు ఫోన్ చేశాడు. గుంత ఎక్కడుందో, ఎంత లోతుందో చెప్పాడు.

"రాసుకున్నామండీ, మా వాళ్లొస్తారు. ఇంతకీ మీరెవరు? అక్కడ షాపా మీది?"

అతను రోడ్డు వైపు చూశాడు.

"కాదండీ," అన్నాడు. "దారిన పోయేవాణ్ణి."